కీన్ ముఖం సరే, ముందు కింది అంచు ఫొటో పెట్టండి

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు లీసెస్టర్‌లో ఉంటున్నారు. అక్కడి పాత సామాన్ల సంతలో నాలుగు ప్రింట్లు, అంటే లోహపు రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు, కొన్నారు. ఒకటి పెద్దది, బాగా నల్లగా ఉంది: షేక్‌స్పియర్ నాటకంలోని రిచర్డ్ 3 వేషంలో నటుడు ఎడ్మండ్ కీన్, కింద 1814 అని ఉంది. రెండోది చిన్నది, కోలగా ఉంది: నటి మిసెస్ సిడన్స్. మూడోదానిలో ఎవరో టోపీ పెద్దమనిషి పక్కకి తిరిగి నిలబడ్డాడు, చేత్తో రంగులు వేశారు, ఆయన పేరు లేదు. నాలుగోది తళుకు రేకులూ సిల్కు ముక్కలూ అతికించిన కత్తి వీరుడు. ఇవి అసలువేనా, ఎంత చేస్తాయి, మరకలు పోగొట్టొచ్చా, ఫ్రేమ్ కట్టించి రాజమండ్రిలో అమ్మావాళ్ళింటికి పంపొచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

ఇలాంటి ప్రింట్లు నేను చాలా ఏళ్ళుగా కొంటూ, అమ్ముతూ వస్తున్నాను. మీ ఫొటోలు చూశాక మొదట చెప్పాల్సింది ఒకటే. మీరు నాలుగు ముఖాలూ చక్కగా దగ్గరగా తీశారు, అంచు మాత్రం ఒక్కదానికీ తీయలేదు. మాకు కావాల్సిందంతా ఆ అంచులోనే ఉంటుంది. పొలానికి పాస్‌బుక్ ఎలాగో ఈ ప్రింట్లకి బొమ్మ కింద ఉన్న ఆ రెండు మూడు వరసల అక్షరాలు అలాగ.

ఆ వరసలు ఎందుకు ఉన్నాయంటే, చట్టం ఉండమంది కాబట్టి. చిత్రకారుడు విలియం హోగార్త్, ఆయనతో పాటు మరికొందరు, తమ బొమ్మల్ని దొంగ కాపీలు తీసి అమ్ముకుంటున్నారని పార్లమెంటుకి మొర పెట్టుకుంటే 1735లో ఒక చట్టం వచ్చింది. బొమ్మ మీద హక్కు ఎవరిదో వాళ్ళ పేరు, మొదట ప్రచురించిన తేదీ ప్రతి రేకు మీదా చెక్కాలి. అలా చెక్కితే పద్నాలుగేళ్ళ హక్కు. 1767లో దాన్ని ఇరవై ఎనిమిదేళ్ళకి పెంచారు. అందుకే 1800ల మొదట్లో వచ్చిన లండన్ ప్రింట్లలో చాలావాటి అడుగున ఏదో ఒక వీధి పేరు, షాపు పేరు, ఫలానా నెల ఫలానా తేదీ అని ఉంటుంది. బొమ్మకి ఆనుకుని ఎడమ మూల చిన్న అక్షరాల్లో ‘పింక్సిట్’ లేదా దాని పొట్టి రూపం ఉంటే ఆ పేరు పెయింటింగ్ వేసినవాడిది. కుడి మూల ‘స్కల్ప్‌సిట్’ ఉంటే రేకు మీద చెక్కినవాడిది. ఈ ఇద్దరి పేర్లూ, కింద తేదీ, రేకు కొలత దొరికితే సగం పని అయిపోయినట్టే. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెబ్‌సైట్లలో వెతికి పోల్చుకోవచ్చు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 1814 అని చెక్కి ఉందంటే ఆ రేకుని 1814లో ప్రచురించారని మాత్రమే అర్థం. మీ చేతిలో ఉన్న కాగితం ఆ ఏడాదే ప్రెస్‌లోంచి వచ్చిందని అది చెప్పదు. రాగి రేకు ఆస్తి. షాపు మూతపడితే వేలంలో ఇంకొకడు కొంటాడు, పాత పేరు గీకేసి తన పేరు చెక్కుకుంటాడు, మళ్ళీ అచ్చు వేస్తాడు. తేదీ మార్చినవాళ్ళూ ఉన్నారు, మార్చకుండా వదిలేసినవాళ్ళూ ఉన్నారు. ఇంకా ముందుకెళ్ళి తలలు మార్చినవాళ్ళూ ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో పియర్ లొంబార్ చెక్కిన ఒక గుర్రపు రౌతు రేకులో అదే గుర్రం, అదే ఒళ్ళు, తల మాత్రం ఒకసారి ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్‌ది, ఒకసారి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీది, ఇంకోసారి ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌ది. రాజకీయం మారినప్పుడల్లా తల మారిందన్నమాట.

ఇక మీ కీన్. 1814 జనవరి 26న డ్రూరీ లేన్ థియేటర్లో ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలోని వడ్డీ వ్యాపారి షైలాక్‌గా మొదటిసారి లండన్ స్టేజి ఎక్కాడు. షైలాక్ అంటే ఎర్ర విగ్గే అన్న ఆనవాయితీ పక్కన పెట్టి నల్ల విగ్గుతో వచ్చాడు. పొట్టి మనిషి, ఊళ్ళు పట్టుకు తిరిగిన నటుడు, ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. తర్వాత ఫిబ్రవరి 12న రిచర్డ్ 3 వేశాడు. అంతవరకూ లండన్‌లో గొప్ప నటన అంటే జాన్ ఫిలిప్ కెంబుల్ తరహా: నిదానంగా, విగ్రహంలా, ఒక్కో మాట తూచి పలకడం. కీన్ వచ్చి ఉరిమాడు. ఫొటో లేని రోజులు. ఆ ముఖం ఇంట్లో పెట్టుకోవాలంటే ప్రింట్ కొనుక్కోవడమే, అందుకని ఆ ఏడాది షాపులన్నీ కీన్‌ని అచ్చు వేశాయి. వాటిలో బాగా తెలిసింది జాన్ జేమ్స్ హాల్స్ వేసిన పెయింటింగ్‌ని చార్లెస్ టర్నర్ మెజోటింట్‌గా చెక్కింది. మీది అదేనా అన్నది కింది మూలలు చూస్తే తప్ప చెప్పలేను, కానీ ఆ నలుపు చూస్తే మెజోటింట్ అనే అనిపిస్తోంది.

మెజోటింట్ అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ధర అంతా దాని మీదే ఆధారపడుతుంది. రాకర్ అని వంపు తిరిగిన పళ్ళ పనిముట్టు ఒకటుంది. దాన్ని రాగి రేకు మీద అటూ ఇటూ ఊపుతూ, దిక్కు మార్చి మళ్ళీ ఊపుతూ రేకంతా గరుకు చేస్తారు. ఆ దశలో సిరా పట్టించి అచ్చు వేస్తే కాగితం నిండా చిక్కటి నలుపు వస్తుంది. ఆ తర్వాత వెలుగు కావాల్సిన చోట గరుకుని గీకి, నునుపు చేసి చీకట్లోంచి ముఖాన్ని బయటికి తీస్తారు. గీతలే ఉండవు. దీపాల వెలుగులో నిలబడ్డ నటుణ్ణి చూపించడానికి ఇంతకంటే తగిన పద్ధతి నాకు కనబడదు. చిక్కేమిటంటే రాగి మెత్తన. ఆ గరుకు ప్రెస్ కింద నలిగిపోతుంది. వంద, రెండు వందల మంచి అచ్చులు వచ్చాక నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, మడతల్లో నీడలు కలిసిపోతాయి. ఇబ్బంది తీర్చడానికి 1820ల మొదట్లో టామస్ లప్టన్ లాంటివాళ్ళు ఉక్కు రేకులకి మారారు. ఉక్కు మీద అచ్చులు చాలా ఎక్కువ వస్తాయి, కానీ ఆ నలుపులో మెత్తదనం తగ్గిందని నా అభిప్రాయం. మీ కీన్ అంగీ మడతల్లోకి భూతద్దం పెట్టి చూడండి. లోపలి నీడల్లో కూడా తేడాలు కనిపిస్తే తొలి అచ్చుల్లోది. అంతా ఒకే బూడిద ముద్దలా ఉంటే రేకు అలసిపోయాక తీసింది. అసలుదే, కానీ ధరలో చాలా తేడా.

పబ్లిషర్ వరస కోసేసిన ప్రింట్లు చేతికొచ్చినప్పుడు నేను పేరుని పట్టుకుని తేదీ లాగుతాను. ఈ పనిలో నాకు ఎక్కువ సరదా ఇదే. ‘మిస్ ఓనీల్’ అని ఉందనుకోండి. ఆవిడ నటి, లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్లో జూలియట్‌గా దిగింది 1814 అక్టోబర్‌లో. 1819లో విలియం రిక్సన్ బీచర్ అనే ఎంపీని పెళ్ళి చేసుకుని నాటకాలు మానేసింది. లండన్‌లో ఆ పేరుతో వచ్చిన బొమ్మకి ఆ అయిదేళ్ళే అవకాశం. ఇంకో నటి హారియట్ మెల్లన్ ఇంకా తమాషా. 1815లో బ్యాంకర్ టామస్ కౌట్స్‌ని పెళ్ళాడి మిసెస్ కౌట్స్ అయింది, ఆయన పోయాక 1827లో సెయింట్ ఆల్బన్స్ డ్యూక్‌ని పెళ్ళాడి డచెస్ అయింది. ఒకే మనిషి, మూడు పేర్లు, మూడు కాలాలు. రాజకీయ నాయకులు, సేనాపతుల విషయంలో బిరుదు చూడాలి. వెల్లింగ్టన్ 1809లో తలవేరా యుద్ధం గెలిచేవరకూ సర్ ఆర్థర్ వెలస్లీనే. ఆ ఏడాది వైకౌంట్, 1812లో ముందు ఎర్ల్, అదే ఏడాది మార్క్వెస్, 1814లో డ్యూక్. ‘మార్క్వెస్ ఆఫ్ వెల్లింగ్టన్’ అని ఉన్న ప్రింట్ దొరికితే దాని కాలం రెండేళ్ళలోపు తేలిపోతుంది. ‘ప్రిన్స్ రీజెంట్’ (రాజు బదులు పాలించిన యువరాజు) అంటే 1811కీ 1820 జనవరికీ మధ్య.

కాకపోతే ఈ లెక్క ఒక్కటే నమ్ముకోకూడదు. బిరుదు పెరిగినప్పుడల్లా పబ్లిషర్లు పాత రేకు మీదే అక్షరాలు గీకి కొత్తవి చెక్కేవాళ్ళు. అలా గీకిన చోట కాగితం మీద సన్నటి బూడిద పొర, పాత అక్షరాల తోకలు ఒక్కోసారి మిగిలిపోతాయి. పేరు చెక్కిన చెయ్యి ఒకటి, తేదీ చెక్కిన చెయ్యి ఒకటి అనిపించినా అనుమానించాలి.

సిడన్స్ బొమ్మ స్టిపుల్. అంటే గీతల బదులు సూది మొనతో పొడిచిన చుక్కలు. మెత్తగా, చర్మం రంగుకి నప్పేలా వస్తుంది కాబట్టి ఆడవాళ్ళ బొమ్మలకి తెగ వాడేవాళ్ళు. ఆవిడ 1812 జూన్‌లో లేడీ మాక్‌బెత్‌గా వీడ్కోలు తీసుకుంది, కానీ ఆవిడ బొమ్మలు అంతకు ముందు ముప్పై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. జోషువా రెనాల్డ్స్ 1784లో వేసిన పెద్ద పెయింటింగ్‌ని ఫ్రాన్సిస్ హవార్డ్ 1787లో చెక్కాడు, అది ఖరీదైన సరుకు. మీలాంటి చిన్న కోల బొమ్మలు దాదాపు అన్నీ పత్రికల్లోంచి వచ్చినవే. యూరోపియన్ మ్యాగజైన్, మంత్లీ మిర్రర్ లాంటివి సంచికతో పాటు ఎవరో ఒక ప్రముఖుడి బొమ్మ ఇచ్చేవి. వాటిని చింపి విడిగా అమ్మడం పాత వ్యాపారం. 1769లో జేమ్స్ గ్రేంజర్ అనే చర్చి పాస్టరు ఇంగ్లండ్ ప్రముఖుల జీవితాలని వాళ్ళ ప్రింట్ల జాబితాతో కలిపి పుస్తకం వేశాడు. అది చదివి జనానికి పిచ్చి పట్టింది. తమ పుస్తకాల్లో అతికించుకోవడానికి వేరే పుస్తకాల్లోంచి ముఖాలు కోసేశారు. ఆ కత్తెర దెబ్బ తిన్న సంపుటాలు ఇప్పటికీ వేలాల్లో కనిపిస్తాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చుక్కలు చూసి కంగారు పడకండి. ఆధునిక అచ్చులోనూ చుక్కలే ఉంటాయి కదా అని మీరు అడిగారు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. స్టిపుల్ చుక్కలు చెయ్యి పెట్టినవి: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చెంప వంపు వెంట గుంపులుగా పోతాయి. ఫొటో నుంచి తీసిన హాఫ్‌టోన్ చుక్కలు గళ్ళ వరసల్లో బుద్ధిగా నిలబడతాయి. రంగు ఆఫ్‌సెట్ అయితే నాలుగు రంగుల చుక్కలు గుండ్రంగా చేరి ఉంటాయి. ఇంకో మోసగాడు ఫొటోగ్రావ్యూర్, అంటే ఫొటోని రేకు మీదకి ఎక్కించి తీసిన అచ్చు. దాని చుట్టూ రేకు నొక్కుడు గుర్తు (ప్రెస్‌లో రేకు అంచులు కాగితంలోకి దిగిన గుంట) కూడా ఉంటుంది, కాబట్టి గుర్తు ఉంది అసలుదే అని తేల్చేయకండి. దాని నీడల్లో సన్నటి ఇసుక పరిచినట్టు ఒకే రకం గరుకు కనిపిస్తుంది, చెయ్యి గీకిన జాడ ఉండదు.

టోపీ పెద్దమనిషిని చూడగానే నాకు డైటన్ కుటుంబం గుర్తొచ్చింది. కొడుకు రిచర్డ్ డైటన్ 1817 నుంచి లండన్ వ్యాపారుల్ని, పెద్దమనుషుల్ని ఇలా పక్కనుంచి, నిలువెత్తున, కాస్త వెటకారంగా ఎచింగ్ (యాసిడ్‌తో రేకు మీద గీతలు దింపే పద్ధతి) చేసి రంగులు వేసి అమ్మాడు. పేరు రాయకుండా ఏదో చమత్కారం రాసేవాడు. బ్యాంకర్ నేథన్ రోత్‌చైల్డ్ బొమ్మ కింద ఉన్నది ‘రాయల్ ఎక్స్‌చేంజ్ నుంచి ఒక దృశ్యం’ అనే. ఆ రోజుల్లో లండన్‌లో అందరికీ తెలుసు కాబట్టి చెల్లింది. మనకి తెలియదు కాబట్టి మ్యూజియం సైట్లలో ఆ చమత్కారం వాక్యాన్నే వెతకాలి. ఈ రేకుల్ని తర్వాత టామస్ మక్‌లీన్ కొనుక్కుని మళ్ళీ అచ్చు వేశాడు, కాబట్టి అడుగున ఆయన పేరుందా చూడండి.

తండ్రి రాబర్ట్ డైటన్ కథ చెప్పకుండా ఉండలేను. ఆయనా నటుల బొమ్మలు వేసినవాడే, కొంతకాలం పాటలు పాడి నటించాడు కూడా. బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్లు చూసుకునే అధికారి విలియం బెలోతో స్నేహం చేసి, వచ్చినప్పుడల్లా కొన్ని ప్రింట్లు తన ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. 1806లో డీలర్ శామ్యూల్ వుడ్‌బర్న్ ఆయన దగ్గర ఒక రెంబ్రాంట్ ప్రింట్ కొన్నాడు. మ్యూజియంలో ఉన్నదానితో పోల్చి చూద్దామని వెళితే అక్కడిది మాయం. డైటన్ సహకరించి కేసు తప్పించుకున్నాడు, ఉద్యోగం పోయింది మాత్రం బెలోకి. ఈ కథ ఎందుకంటే, ప్రింట్ వెనక వైపు చిన్న స్టాంపు గుర్తు, అక్షరాలు, పెన్సిల్ నంబర్లు ఏమున్నా చెరపకండి. పాత యజమానుల గుర్తులవి, కొన్నిసార్లు బొమ్మ కంటే వాటికే విలువ.

నాలుగోది నిజం చెప్పాలంటే నాకు అన్నిటికంటే ఇష్టమైంది. దాన్ని టిన్సెల్ ప్రింట్ అంటారు. విలియం వెస్ట్ అనే ఆయన 1811 నుంచి లండన్‌లో పిల్లల బొమ్మ థియేటర్ల కోసం నటుల షీట్లు అచ్చు వేశాడు, తర్వాత హాడ్జ్‌సన్, స్కెల్ట్ లాంటివాళ్ళు వచ్చారు. రంగు లేనిది ఒక పెన్నీ, రంగు వేసింది రెండు పెన్నీలు. కుర్రాళ్ళు ఆ బొమ్మ కొని, విడిగా అమ్మే తళుకు రేకు ముక్కల్ని కవచానికీ కత్తికీ అతికించుకునేవాళ్ళు. ముఖం పోలిక గురించి ఎవరికీ పట్టింపు లేదు. కాళ్ళు బారగా చాపి కత్తి ఎత్తితే చాలు. ఇక్కడ కూడా అచ్చు రేకు, కాగితం తేడా గుర్తుంచుకోండి. పాత అచ్చు రేకుల్లో కొన్ని లండన్ హాక్స్‌టన్‌లో పొలాక్ షాపు వరకూ చేతులు మారి ఇరవయ్యో శతాబ్దంలో కూడా అచ్చయ్యాయి.

అందుకే కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడమంటాను. ఆ కాలం మంచి ప్రింట్లు ఎక్కువగా గీతలు కనబడని నునుపు కాగితం మీద ఉంటాయి, అదృష్టం ఉంటే ‘జె వాట్‌మన్’ అని కాగితం తయారీదారు పేరూ ఒక సంవత్సరమూ వాటర్‌మార్క్‌గా, అంటే కాగితంలోనే దిగిన గుర్తుగా, కనిపిస్తాయి. 1794లో వచ్చిన పన్ను నిబంధన వల్ల మిల్లులు సంవత్సరం వేయడం మొదలుపెట్టాయి. కాగితం ఆ ఏడాది కంటే పాతది కాదని అది చెప్తుంది, అంతే. కొన్ని మిల్లులు 1794 అన్న అచ్చునే ఏళ్ళ తరబడి వాడాయి. కానీ బొమ్మ కింద 1814 ఉండి వాటర్‌మార్క్‌లో 1825 ఉంటే ఇంక వాదన లేదు, తర్వాత తీసిన అచ్చే.

ధర విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పత్రికల స్టిపుల్ బొమ్మలు పది, ఇరవై పౌండ్లకి ఎప్పుడూ దొరుకుతాయి. ఆ రోజుల్లో ఎంత పేరుంటే ఇప్పుడు అంత ధర అనుకోవడం కూడా పొరపాటు. 1804 డిసెంబర్ 1న మాస్టర్ బెట్టీ అనే పదమూడేళ్ళ కుర్రాడు కోవెంట్ గార్డెన్‌లో నటిస్తే జనం తొక్కిసలాడుకున్నారు, ఆ సీజన్‌లో లండన్‌కి వాడే మొనగాడు. రెండేళ్ళు తిరక్కుండా మర్చిపోయారు. ఆ హడావుడిలో కుప్పలుగా అచ్చేశారు కాబట్టి వాడి బొమ్మలు ఈనాటికీ సులువుగా దొరుకుతాయి. మీ నాలుగింటిలో కీన్ తొలి అచ్చయి, అంచులు కోయకుండా ఉంటే అదే ఖరీదైనది. రేకు గుర్తు లోపలికి కోసేసి ఉంటే విలువ సగానికి పైగా పడిపోతుంది. టిన్సెల్ బొమ్మ పాతదైతే దాన్ని ప్రత్యేకంగా వెతుక్కునేవాళ్ళున్నారు.

మరకల జోలికి వెళ్ళకండి. యూట్యూబ్‌లో చూపించే బ్లీచింగ్, నీళ్ళలో నానబెట్టడం, బ్రెడ్ ముక్కతో రుద్దడం ఏదీ వద్దు. చేత్తో వేసిన రంగులు నీటి రంగులు, తడిస్తే కారిపోతాయి. మెజోటింట్ మీద రబ్బరు పెడితే నలుపు పైకి లేచి వచ్చి తెల్లటి గీతలు పడతాయి, దాన్ని ఎవరూ బాగు చేయలేరు. గోధుమ రంగు చుక్కలు ఇబ్బంది పెడుతుంటే పాత కాగితాలు బాగుచేసే పేపర్ కన్సర్వేటర్‌కి చూపించండి, అదీ కీన్‌కి మాత్రమే. చిన్నవాటికి ఆ ఖర్చు దండగ.

ఫ్రేమ్ కట్టేవాడికి మూడు మాటలు గట్టిగా చెప్పండి. కాటన్ మౌంట్ బోర్డు (ఫ్రేమ్‌లో ప్రింట్‌కి పెట్టే కాటన్ అట్ట) వాడాలి. ప్రింట్ అద్దానికి తగలకూడదు. టేప్, ఫెవికాల్ వద్దు, జపనీస్ టిష్యూకి గోధుమ స్టార్చ్ జిగురు రాసి పై అంచున మాత్రమే అతికించాలి. ఫ్రేమ్‌లో పట్టడం లేదని అంచు కోస్తానంటే అక్కణ్ణించి వచ్చేయండి. తళుకు బొమ్మకి లోతైన పెట్టె ఫ్రేమ్ కావాలి.

రాజమండ్రి సంగతి. గోదావరి ఒడ్డు తేమకి, వానాకాలం గోడ చెమ్మకి ఈ కాగితం బూజు పడుతుంది, పురుగులు జిగురు కోసం వస్తాయి. పంపాలనే ఉంటే సిడన్స్‌ని పంపండి, వంటింటి గోడకీ బయటి గోడకీ కాకుండా లోపలి గోడకి వేలాడదీయమనండి, ఎండ పడకుండా. కీన్‌ని మాత్రం అక్కడే మీ దగ్గర ఉంచుకోండి. ఇప్పుడు ఫ్రేమ్ షాపుకి వెళ్ళేముందు నాలుగింటి కింది అంచు, వెనక వైపు, వెలుతురుకి ఎదురుగా పట్టిన ఫొటో తీసి పెట్టండి. రేకు నొక్కుడు గుర్తు ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎత్తు, వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. అప్పుడు అది టర్నర్ చెక్కిందో కాదో చెప్తాను.